శౌరి టంకానికి చిల్లు

21 ఆగస్టు 2002, బుధవారం

శౌరిని మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారు. క్యాన్సరు ఈసారి కాలేయం అంతా పాకిందట. డాక్టరు వాడి భార్య లూసీతో వరండాలో చెప్పాడు, లూసీ నాతో మెట్ల మీద చెప్పింది, నేను ఇంటికొచ్చి కామాక్షితో చెప్పాను. వాడితో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాలా ఏటి. మెషీన్ షాపులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసినవాడికి ఏ బేరింగు ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియదా.

డైరీ పట్టుకుని ఎనిమిదేళ్ళయింది. ల్యాబులో రోజూ కాగితాలు నింపే చెయ్యి సొంత సంగతికొచ్చేసరికి మొరాయిస్తోంది. ఇంట్లో మాట్లాడదామంటే కామాక్షి ఏడుపు లంకించుకుంటుంది. అందుకని ఇక్కడ.

1971లో ఒకే నెలలో ఈ ఉక్కు ప్లాంటులో దిగాం ఇద్దరం. వాడు తెనాలి నించి, నేను బొబ్బిలి నించి. సెక్టర్ 6లో ఎదురెదురు క్వార్టర్లు. వాడిది ఐ.టి.ఐ., నాది బి.ఎస్సీ. కెమిస్ట్రీ. ఈ తేడా వాడికెప్పుడూ గుర్తులేదు. నాకెప్పుడూ గుర్తుంది.

22 ఆగస్టు

సాయంత్రం వెళ్ళాను. కళ్ళు పచ్చగా ఉన్నాయి. లూసీని మందులకి పంపించి, తలగడ కింద నించి వెల్డింగ్ ఎలక్ట్రోడ్ల డబ్బా తీశాడు. అందులో వాడి ఆస్తి. పదకొండు వెండి నాణేలు, ఒక్కోదానికీ ఒక్కో గుడ్డముక్క.

ఆదివారం చర్చి అవగానే సుపేలా బజారుకి వెళ్ళి కంసాలి కొట్లో కూర్చునేవాడు. పల్లెల నించి ఆడవాళ్ళు నాణేలు కూర్చిన పాత రుపియా దండలు కరిగించుకోడానికి తెస్తారు కదా, అందులో ఏ ఒక్కటి పాతగా కనిపించినా వెండి ధర ఇచ్చి విడిపించుకునేవాడు. అలా వచ్చినవే అన్నీ. మా వరండాలో చాప మీద పరిచి కాలనీ పిల్లలకి కథలు చెప్పేవాడు. ఇదిగో అల్లావుద్దీన్ ఖిల్జీ, నేను రెండో అలెగ్జాండరుని అని నాణెం మీద తనే కొట్టించుకున్నాడు, ఎవడడ్డం. ఇదిగో షేర్షా రూపాయి, నాగరి అక్షరాల్లో కూడా పేరు వేయించాడు, చూడండర్రా. తుగ్లక్ ఇత్తడి బిళ్ళని వెండి అనుకోమన్నాడు, జనం ఇంటింటా టంకశాల పెట్టీసారు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. మా ఆవిడ పొయ్యి కట్టేసి మరీ వినేది. నేను పేపరు అడ్డం పెట్టుకుని వినేవాణ్ణి.

పదకొండోది ఎవరికీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. 1974లో దొరికింది. రజియా సుల్తానా వేయించిన వెండి టంకమంటాడు. ప్లాంటు లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో బొమ్మ చూశాడట, వంకరలు వంకరలు కలిశాయట. వాడికి ఆ లిపి రాదు. నాకూ రాదు. ఇల్‌టుట్‌మిష్ కొడుకులు పనికిమాలినవాళ్ళని కూతురికి రాజ్యం ఇచ్చాడు, ఆవిడ నాలుగేళ్ళు కూడా నిండా ఏలలేదు, అందుకే ఆవిడ నాణేలు దేశం మొత్తం వెతికినా గుప్పెడు లేవు, అందులో ఒకటి సెక్టర్ 6లో ఉంది. ఇదీ వాడి పాట. ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే పాట.

"గురూ, ఇది చదివించు," అన్నాడు ఇవాళ.

"ఇన్నాళ్ళూ ఎందుకు చదివించలేదు?" అన్నాను.

"భయమేసింది. కాదంటే ఏం చేసుకోను? ఇప్పుడు ఆ భయం లేదు. ఆవిడ పేరుందో లేదో విని పోతాను. దుర్గ్‌లో ఉర్దూ మాస్టారు కుద్దూస్ సాబ్ ఉన్నాడంట, పార్సీ కూడా చదువుతాడంట. నువ్వు తప్ప నాకెవరున్నారు చెప్పు."

గుడ్డముక్కతో సహా నా జేబులో పెట్టాడు. చెయ్యి బాగా సన్నబడింది.

25 ఆగస్టు, ఆదివారం

ముందు వెండో కాదో తేలాలి కదా. తగరం బిళ్ళ పట్టుకుని ఆ మాస్టారి దగ్గరికి ఏ మొహంతో వెళ్ళను. మా ల్యాబులో ఒక మాటుంది, శాంపిల్ లేనిదే సంగతి లేదు. ఫర్నేసు వాడు అన్నం తిని ఒట్టేసి చెప్పినా సరే, ముక్క తెచ్చి డ్రిల్లు చెయ్యనిదే మేం సంతకం పెట్టం. ముప్ఫై ఏళ్ళు అలాగే బతికాను. ఇప్పుడు శౌరి కోసం వేరే పద్ధతి ఎక్కణ్ణించి తేను?

ల్యాబులో ఇవాళ మనుషులు తక్కువ. బరువు 10.71 గ్రాములు. మూడు మిల్లీమీటర్ల డ్రిల్లు. అంచుకీ నడిమికీ మధ్య తీశాను. అంచున తీసిన శాంపిల్ నమ్మకూడదు, అది మాకు మొదటి వారంలోనే నేర్పుతారు. అంచు మీద అరుగుదల ఉంటుంది, మురికి ఉంటుంది. రాత లేని చోటులాగే కనిపించింది. వచ్చిన పొడి 130 మిల్లీగ్రాములు. నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి పెట్టి వచ్చాను.

పాతకాలం షరాబులు కూడా నాణెం మీద గుర్తు కొట్టి పరీక్ష చేసేవారని శౌరే చెప్పాడు. కొత్తగా చేసిందేమీ కాదు ఇది.

26 ఆగస్టు

వెండి 97.6 శాతం. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అంతే వచ్చింది.

అసలు సరుకే.

29 ఆగస్టు, గురువారం

సగం రోజు సెలవు పెట్టి సుపేలా చౌక్‌లో ఆటో ఎక్కి దుర్గ్ వెళ్ళాను. కుద్దూస్ సాబ్‌కి ఎనభై దాటి ఉంటాయి. ఇంటిముందు పాత స్కూలు బోర్డు ఆనించి ఉంది, మధ్యప్రదేశ్ అన్న మాట మీద తెల్ల రంగు కొట్టి ఛత్తీస్‌గఢ్ అని రాశారు. కిందది ఇంకా కనిపిస్తోంది. నాకు చాయ్ ఇప్పించి, భూతద్దం తీసి, కిటికీ దగ్గరకి జరిగి కూర్చున్నాడు.

చాలాసేపు చూశాడు. తర్వాత వేలితో చూపిస్తూ హిందీలో చెప్పాడు. పైవరస అరిగిపోయింది, అది కాలం పని. ఇదిగో ఇక్కడ అస్సుల్తాన్. కింద అమీరుల్ మోమినీన్, అంటే ఖలీఫా ప్రస్తావన. అచ్చు చూస్తే ఇల్‌టుట్‌మిష్ ఇంటిదే, అది ఖాయం. కానీ ఆయనదా, కొడుకులదా, కూతురిదా అన్నది పేరు చూసి చెప్పాలి. పేరు ఈ రెండింటికీ మధ్య ఉంటుంది.

"పేరు దగ్గర చిల్లుంది బాబూ," అన్నాడు.

దండలో గుచ్చడానికి పూర్వం ఎవరో పెట్టి ఉంటారన్నాను. నా నోటే అంది ఆ మాట. ఆయన నాణేన్ని వెలుగుకి తిప్పాడు. దండకి అంచున పెడతారు, మధ్యలో పెట్టరు అన్నాడు. లోపల ఇంకా మెరుస్తోంది, ఇది వారం దాటని చిల్లు అన్నాడు. ఆయన మరేం అడగలేదు. గుడ్డముక్కలో తనే చుట్టి ఇచ్చి, గేటుదాకా వచ్చాడు.

ఆటోలో ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఏం పోయింది భయ్యా అని అడిగింది.

1 సెప్టెంబరు

ఆసుపత్రికి వెళ్ళలేదు. వాన.

2 సెప్టెంబరు

వెళ్ళలేదు. వాన లేదు.

4 సెప్టెంబరు, బుధవారం

శౌరి కూతురు జెన్నీ వచ్చింది. స్మృతి నగర్‌లో అత్తారింట్లో ఉంటుంది, స్కూల్లో టీచరు. ఇక్కడే పుట్టిన పిల్ల, రెండు ముక్కలు తెలుగైతే నాలుగు ముక్కలు హిందీ.

"అంకుల్, పప్పా రోజ్ పూఛ్ రహే హై. గురు వచ్చాడా, గురు వచ్చాడా, బస్ ఇదే. మీరు ఎందుకు రావట్లేదు? మీకు తబియత్ బాలేదా?"

మాస్టారు ఊళ్ళో లేరమ్మా, రాయపూర్ వెళ్ళారు, రాగానే చదివించి తెస్తానని చెప్పు అన్నాను. సరే అంకుల్ అని స్కూటీ ఎక్కింది. తండ్రి గెడ్డమే దానికి.

లోపలికొచ్చేసరికి కామాక్షి గుమ్మంలో నిలబడి ఉంది. "దుర్గ్ ఎల్లొచ్చారు కదేటి మొన్న?" అంది. ఇంక దాచలేకపోయాను, మొత్తం చెప్పీసాను. విని విని, "ఆయన చదివించమన్నాడండీ. కరిగించమన్లేదు," అంది. చేతిలో బియ్యం చేట అలాగే ఉంది. అన్నం ఆలస్యంగా వండింది ఇవాళ.

7 సెప్టెంబరు, శనివారం

సుపేలా వెళ్ళాను. శౌరి కూర్చునే కంసాలి కొట్టే. ముసలాయన పోయాడు, కొడుకు కూర్చుంటున్నాడు. చిల్లు పూడ్చగలవా అని అడిగాను. వెండి నింపి సాఫు చేస్తే మీరే కనుక్కోలేరన్నాడు. పైన ఏ పేరు కావాలంటే ఆ పేరు చెక్కిస్తా, నమూనా తెచ్చుకోండి, ఎవరి పేరు కావాలి సాబ్ అన్నాడు.

ఎవరి పేరు కావాలి.

లైబ్రరీలో ఆ పుస్తకం ఉంటుంది. బొమ్మ చూసి రాసుకొస్తే చాలు. వాడి చూపు మసకబారింది, భూతద్దంతో చూసే ఓపిక లేదు. రజియాదేరా అని చేతిలో పెడితే వాడి మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. అబద్ధం అని ఎవడనగలడు? నిజంగా ఆవిడ పేరే ఉండి ఉండొచ్చు అక్కడ. తీసింది నేను, పెట్టేదీ నేనే.

సోమవారం వస్తానని చెప్పాను.

9 సెప్టెంబరు, సోమవారం

లైబ్రరీ దాకా వెళ్ళాను. పుస్తకం తీయించాను. బొమ్మ చూశాను. మూసి ఇచ్చీసాను.

10 సెప్టెంబరు

వినాయక చవితి. చౌక్‌లో పందిరి, మైకు. పూజలో కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. కామాక్షి దేవుడికి నా గురించి ఏదో చెప్పుకుంటోంది, వినిపించకుండా.

12 సెప్టెంబరు, గురువారం

ఇప్పుడు నిజం రాస్తాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి.

వెండో కాదో తేల్చుకోడానికి ఆసిడ్ చుక్క అంచు మీద వేస్తే చాలు. ఆ సంగతి సుపేలాలో కంసాలి కుర్రాడికి తెలుసు. వేలకి వేలు శాంపిళ్ళు చేసిన నాకు తెలియదా. మాస్టారికి చూపించడానికి శాతాలెందుకు? ఆయన అడిగాడా?

అది నకిలీ అని తేలాలని నాకుంది. అదీ సంగతి.

1986లో క్లబ్బులో ప్రదర్శన పెట్టారు. శౌరి తన నాణేలు అద్దం కింద పెట్టాడు. జనరల్ మేనేజరు వచ్చి అరగంట వాడితో మాట్లాడాడు, వాడి భుజం మీద చెయ్యేశాడు. పదిహేనేళ్ళ సర్వీసులో నా పేరు కూడా తెలియదు ఆయనకి. నేను అందరిముందూ అడిగాను, అది రజియాదని రుజువేది అని. శౌరి కోప్పడలేదు. "నువ్వు నమ్మకపోతే రాణిగారికి పోయేదేముంది గురూ," అన్నాడు. అందరూ నవ్వారు. జనరల్ మేనేజరు కూడా నవ్వాడు. ఆ నవ్వు పదహారేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. పొద్దున్న వాడింట్లో కాఫీ తాగేవాణ్ణి, సాయంత్రం వాడితో పేకాడేవాణ్ణి, ఇది మాత్రం అరగలేదు.

చావుబతుకుల్లో ఉన్నవాడి మీద గెలుద్దామనుకున్నాను. ఛీ.

రేపు వెళ్తాను. పూడ్చకుండా అలాగే పట్టుకెళ్తాను.

13 సెప్టెంబరు, శుక్రవారం

వెళ్ళాను. నాలుగు గంటలకి. లూసీ తల దువ్వుతోంది వాడికి. నన్ను చూసి లేచి, "మాట్లాడుకోండి అన్నయ్యగారూ," అని ప్లాస్కు పట్టుకుని బయటికి వెళ్ళింది.

శౌరి చెయ్యి చాపాడు. మాట కంటే ముందు చెయ్యి చాపాడు. నేను టంకం పెట్టాను. బొటనవేలితో తడిమాడు, ఆగాడు, మళ్ళీ తడిమాడు.

"త్రీ ఎమ్మెమ్మా?" అన్నాడు.

"ఊఁ."

"బర్ కూడా తియ్యలేదు. అంచు గరుకు గీసుకుంటోంది."

నేను చెప్పడం మొదలెట్టాను. ల్యాబు, డ్రిల్లు, కుద్దూస్ సాబ్, పేరుండే చోటు. వరసగా చెప్పాను, ఏదీ దాచలేదు. క్లబ్బు సంగతి కూడా చెప్పాను. వాడికి క్లబ్బు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు, మొహం చూస్తే తెలుస్తుంది కదా.

"ఎంతొచ్చింది?" అన్నాడు చివరికి.

"తొంభై ఏడు పాయింట్ ఆరు."

"అయితే మంచి వెండే."

"మంచి వెండే. ఇల్‌టుట్‌మిష్ ఇంటిదే, ఖాయమన్నాడు. ఆయనదో, కొడుకులదో, ఆవిడదో ఇంక ఎవరూ చెప్పలేరు శౌరీ."

వాడు కళ్ళు మూసుకున్నాడు. అలా మూసుకునే, "ఇరవై ఎనిమిదేళ్ళు గురూ. ఒక్కసారి ఊరికే నమ్మి ఉంటే నీకేం పోయేది," అన్నాడు. కోపంగా అన్లేదు. కోపంగా అన్నా బాగుండేది. కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి, తుడుచుకోడానికి చెయ్యి లేవలేదు. నేను తుడవబోతే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"వెళ్ళు. రేపు రాకు," అన్నాడు.

వచ్చీసాను.

14 సెప్టెంబరు

వెళ్ళలేదు. రావద్దన్నాడు.

15 సెప్టెంబరు, ఆదివారం

కామాక్షి వెళ్ళొచ్చింది. మాట తక్కువైందట. నన్ను అడిగాడా అన్నాను. నేనున్నంతసేపూ మగతగానే ఉన్నాడండీ అంది. మీరు వెళ్ళండి అంది. రావద్దన్నాడే అన్నాను. వాడి మాటకి విలువివ్వాలి, ఇప్పుడైనా. ఒక నాలుగు రోజులు పోనిస్తే మనసు చల్లబడుతుంది.

16 సెప్టెంబరు, సోమవారం

శౌరి పొద్దున్న ఏడుంబావుకి పోయాడు. ఎ షిఫ్ట్ వాళ్ళు లోపలికెళ్ళిన కాసేపటికి. జెన్నీ ఫోను చేసింది.

17 సెప్టెంబరు

విశ్వకర్మ పూజ. షాపులన్నిటిలో యంత్రాలకి పసుపూ పూలూ. మెషీన్ షాపులో శౌరి పనిబల్లకి కూడా దండ వేశారట, వాడి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. పూజ అవగానే అందరూ చేతుల్లో ప్రసాదం పొట్లాలతోనే శవయాత్రకి వచ్చారు. చర్చిలో ఫాదరు తెలుగులోనూ హిందీలోనూ చదివారు. గుప్పెడు మట్టి వేసి, ఇంకో గుప్పెడికి వంగాను. భుజం పట్టుకుని ఎవరో వెనక్కి తీశారు, ఎవరన్నది చూడలేదు.

18 సెప్టెంబరు

డ్యూటీకి వెళ్ళాను. పద్నాలుగు శాంపిళ్ళు. అన్నీ బాగానే ఉన్నాయి.

22 సెప్టెంబరు, ఆదివారం

లూసీ చర్చి నించి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్లచీర. కామాక్షి కాఫీ ఇచ్చింది, ముట్టుకోలేదు. కాసేపు జెన్నీ గురించీ, క్వార్టరు ఖాళీ చెయ్యడం గురించీ మాట్లాడి, ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఒక్కటి అడుగుతా. శనివారం ఎందుకు రాలేదు మీరు?"

ఆవిడ ముట్టుకోని కాఫీని ఇంకాస్త ఆవిడ వైపు జరిపాను.

"శనివారం పొద్దున్నే మంగలిని పిలిపించమని గోల పెట్టారు. గెడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేయించుకుని కూర్చున్నారు. కూర్చోగలిగే స్థితా అది? నాలుగింటికి గురు వస్తాడు, నిన్న వాణ్ణి ఏడిపించి పంపానన్నారు. ఆరు దాటేదాకా పడుకోనంటే పడుకోనన్నారు. ఆదివారం కూడా అంతే, వదినగారు వచ్చే ముందు వరకూ గుమ్మం వైపే చూశారు. తర్వాత మగత కమ్మింది."

"రేపు రాకు అన్నాడమ్మా నాతో," అన్నాను.

లూసీ తల అడ్డంగా ఊపింది. "ఆయన ఎన్నిసార్లన్లేదు ఆ మాట? పేకాటలో ఓడినప్పుడల్లా నా గడప తొక్కకు అనేవారు కదా. మర్నాడు పొద్దున్నే కాఫీకి వచ్చేసేవారు మీరు. ఏనాడన్నా విన్నారా?"

కామాక్షి చీర చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. లూసీ వస్తానని లేచింది. నేను గేటుదాకా కూడా వెళ్ళలేకపోయాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో వాడు ఏం చెప్పినా రుజువేది అన్నాను. రేపు రాకు అన్న ఆ ఒక్క మాటనీ రుజువు అడక్కుండా నమ్మీసాను.